చావడి యలంకారము

హైదరాబాదున నూతనగృహము కట్టించిన మిత్రులొకరు తమ చావడిని జూపుటకు మమ్ము బిలిచిరి. గోడలకు అచ్చుబొమ్మలు, బల్లపై ప్లాస్టిక్ పూవులు. వెలలు మాత్రము వేలలో జెప్పిరి. తాతగారినాటి యిత్తడి గంగాళ మేమైనదని యడిగితిమి. పాతసామానులవానికి తూకమున కిచ్చివేసిరట!

అట్టివి గురువారమునాటి జుమ్మేరాత్ బజారువంటి సంతలకు జేరును. ఓపికతో వెదకువారికి చౌకగనే దొరకును, తోమినచో మెఱయును. క్రొత్తవి కావలెనన్న కొండపల్లి యున్నది. అచ్చట తేలికయైన తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును గలిపిన ముద్దతో అవయవముల నతికి, సున్నము పూసి రంగులు వేయుదురు. ఏటికొప్పాకవారు అంకుడు కఱ్ఱను తరిమెన పట్టి లక్కరంగు నెక్కింతురు. వానికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. పాతసామానుల యంగడిలో బేరమాడుట తప్పుగాదు. చెక్కెడివానితో గీచిగీచి బేరమాడుట మాకు సమ్మతము గాదు.

మా చావడిలో అంబారీయేనుగొకటి కలదు. మా తల్లిగారు కొనినది. తొండము విఱుగగా మేమే యతికితిమి. అతుకు కనబడుచునే యున్నది. మిత్రులు దానినే చాలసేపు చూచిరి. వచ్చు గురువారము మాతో బజారునకు వచ్చెదమనిరి. ఆ గంగాళము దొరకునను నాస మాకు లేదు.