కాశిమేడు పీతల పడవలు: వల వెనుక ఉన్న కుటుంబం

నెల్లూరు, చిత్తూరు వైపువారు ఎండ్రకాయ అంటారు. గోదావరి జిల్లాలవారు, ఉత్తరాంధ్రవారు పీత అంటారు. చెన్నై బజారులో దాని పేరు నండు. పేరు ఏదైనా, ఈ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామందికి రాయపురం దాటి కాశిమేడు రేవుకు వెళ్ళి పీతలు తెచ్చుకోవడం ఆదివారపు అలవాటు. అక్కడి పడవలపై పనిచేసేవారిలో నెల్లూరు మొదలు శ్రీకాకుళం వరకు గల తీరగ్రామాలవారు కూడా ఉన్నారు. మనం బేరమాడి కొనే కిలో పీతలు ఎవరి శ్రమతో రేవుకు చేరుతున్నాయో, ఆ శ్రమకు ఉన్న రక్షణ ఏమిటో, అందులో మన బాధ్యత ఎంతో తెలపడం ఈ వ్యాసం ఉద్దేశం.

రేవు, తీరం

మద్రాసు ఓడరేవు నిర్మాణం 1870వ దశకంలో మొదలైనది. ఈ తీరంలో సంవత్సరంలో అధిక కాలం అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి. ఓడరేవు గోడలు ఆ ఇసుకకు అడ్డుపడినందున దక్షిణాన మెరీనా తీరం వెడల్పయినది. ఉత్తరాన రాయపురం, తిరువొత్తియూరు తీరాలు ఇసుక అందక కోతకు గురయినవి. ఒకవైపు నగరానికి విహారస్థలం పెరగగా, మరొకవైపు మత్స్యకారులు పడవ నిలిపి వల ఆరబెట్టుకునే నేల తరిగినది. నేడు ఉత్తర తీరం పొడవునా కనిపించే రాతికట్టలు ఆ కోతను ఆపడానికి వేసినవే.

ఓడరేవుకు ఉత్తరాన ఉన్న కాశిమేడు చేపల రేవు 1980వ దశకంలో వాడుకలోకి వచ్చినది. 2021 కేంద్ర బడ్జెటులో అభివృద్ధికి ఎంచుకున్న ఐదు ప్రధాన చేపల రేవులలో కొచ్చి, విశాఖపట్నం, పారాదీప్, పెటువాఘాట్‌లతో పాటు చెన్నై కూడా ఒకటి. ఇక్కడ రెండు రకాల పడవలు కనిపిస్తాయి. మొదటివి, ఐసు నింపుకొని దూర జలాలకు పోయి కొన్ని రోజులకు తిరిగివచ్చే పెద్ద మరపడవలు. రెండవవి, తీరానికి దగ్గరలో వేటాడి మరునాటికే తిరిగివచ్చే చిన్న ఫైబర్ పడవలు. పీతల వల ఎక్కువగా ఈ చిన్న పడవలది. తండ్రి, కొడుకులు, అన్నదమ్ములు, ఒకరిద్దరు కూలివారు ఎక్కితే పడవ నిండుతుంది.

పీతను పట్టే విధం

పీత చేపవలె గుంపుగా ఈదదు. ఇసుకలో, బురదలో దాగి, రాత్రివేళ మేతకు బయలుదేరుతుంది. అందుచేత వలను సాయంకాలం నేల అంటేటట్లు వేసి, తెల్లవారుజామున ఎత్తుతారు. వల పైఅంచుకు బెండ్లు, కిందిఅంచుకు సీసపు గుండ్లు ఉంటాయి. నీటి అడుగున గోడవలె నిలిచిన ఆ వలలో పీత కాళ్ళు, డెక్కలు చిక్కుకుంటాయి. ఇక్కడ దొరికే సముద్రపు పీతలలో ముఖ్యమైనవి నీలి పీత, వీపుపై మూడు చుక్కలు గల పీత, పెంకుపై శిలువవంటి గుర్తు గల పీత.

వల ఎత్తడంతో పని ముగియదు. చిక్కిన ప్రతి పీతనూ చేతితో విడదీయాలి. డెక్క విరిగితే ధర పడిపోతుంది. వలను కోస్తే మరునాటి వేట పోతుంది. ఈ ఓర్పుపనిలో పడవ ఎక్కనివారి పాలు పెద్దది. ఒడ్డున కూర్చుని వల విప్పేదీ, చిరుగులు అల్లేదీ, రకాలు వేరుచేసేదీ, వేలంలో పాడి తెచ్చుకుని గంపతో వీధివీధికీ తిరిగేదీ అధికంగా స్త్రీలే. పడవ పత్రాలలో పేరు పురుషునిది కావచ్చును. ఆ పడవ నడవడానికి ఆధారం ఇంటిల్లిపాది చేతులు.

వాటాల లెక్క

చిన్న పడవలపై నెలజీతం అరుదు. వాటా పద్ధతి సాధారణం. అమ్మకం సొమ్ములో నుంచి ముందుగా నూనె, ఐసు, తిండి ఖర్చులు తీస్తారు. మిగిలినదానిలో పడవకు, వలకు కొంత వాటా, పనివారికి కొంత వాటా. నిష్పత్తి రేవును బట్టి, పడవను బట్టి మారుతుంది. ఊహకు ఒక లెక్క తీసుకోండి: ఒకనాటి అమ్మకం 6,000 రూపాయలు, ఖర్చు 3,000. మిగిలిన 3,000లో సగం పడవకు పోతే, నలుగురు పనివారికి తలా 375 రూపాయలు. అమ్మకం 3,000కు పడిపోయిన రోజున ఎవరికీ ఏమీ రాదు. ఖర్చు మాత్రం తప్పదు.

అటువంటి రోజులను దాటడానికి చాలా కుటుంబాలు వ్యాపారి వద్ద ముందస్తు సొమ్ము తీసుకుంటాయి. అందుకు బదులుగా సరుకును అతనికే అమ్మవలసివస్తుంది. రేవులో వేలం జరుగుతున్నా, అప్పు ఉన్న పడవకు ధర ఎంచుకునే స్వేచ్ఛ తగ్గిపోతుంది.

నదీముఖాలకు జరిగే హాని కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఎన్నూరు కాలువ, పులికాట్ సరస్సు బురదలలో పెరిగే మండపీతకు సముద్రపు పీతకన్నా మంచి ధర ఉన్నది. ఆడ మండపీత గుడ్లు పొదగడానికి నదీముఖం దాటి సముద్రంలోకి పోతుంది. పిల్లలు తిరిగి లోపలికి రావాలి. ముఖం ఇసుకతో పూడినా, నీరు చెడినా ఈ రాకపోకలు తెగిపోతాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వరదతో పాటు చమురు ఎన్నూరు కాలువలోకి చేరినప్పుడు అక్కడి పడవలు, వలలు జిడ్డుపట్టి వేట నిలిచిపోయినది.

రెండు రాష్ట్రాల నడుమ

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. జలచరాలు గుడ్లు పెట్టి పిల్లలు ఎదిగే కాలానికి ఇది విరామం. ఆ రోజులలో మరపడవలు రేవు విడువరాదు. ఈ కాలానికి తమిళనాడు ప్రభుత్వం తన వద్ద నమోదైన మత్స్యకార కుటుంబాలకు సాయం ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నమోదైన పడవలపై వేటాడేవారిని లెక్కించి సాయం ఇస్తుంది. 2025లో ఆ మొత్తాన్ని 20,000 రూపాయలకు పెంచినది.

చిక్కు ఇక్కడే ఉన్నది. ఇల్లు శ్రీకాకుళంలో, పని కాశిమేడులో గల మత్స్యకారుని పేరు ఇక్కడి కుటుంబాల జాబితాలో ఉండకపోవచ్చును. అక్కడి పడవల లెక్కలోకీ రాకపోవచ్చును. 2020 లాక్‌డౌన్‌లో చెన్నైలో చిక్కుకున్న ఉత్తరాంధ్ర మత్స్యకారులు కొందరు, రోడ్డు దారి మూసుకుపోగా, పడవలో సముద్రమార్గాన స్వగ్రామాలకు చేరుకున్నారు. ఏ జాబితా ఆసరా లేనివారికి ఆపదలో మిగిలేది తమ నైపుణ్యమే అని ఆ ప్రయాణం తెలిపినది.

కనుక పడవ ఎక్కేవారు, వారి కుటుంబాలవారు ఈ విషయాలు సరిచూసుకోవడం మంచిది. మొదటిది, మత్స్యకార గుర్తింపు కార్డు. 2008 ముంబయి దాడుల తరువాత తీరభద్రతలో భాగంగా ఇచ్చిన ఈ కార్డు సముద్రంలో తనిఖీ జరిగినప్పుడు మీరెవరో తెలిపే ఆధారం. రెండవది, ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద గల సామూహిక ప్రమాద బీమా. మరణానికి, శాశ్వత పూర్తి అంగవైకల్యానికి 5 లక్షల రూపాయలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి 2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25,000 వరకు ఇందులో లభిస్తుంది. ప్రీమియం మత్స్యకారుడు కట్టనక్కరలేదు. పేరు నమోదై ఉండటం మాత్రం తప్పనిసరి. మీ పేరు ఏ రాష్ట్రంలో నమోదైనదో మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి, ఆ కాగితం నకలు ఇంటివద్ద ఉంచండి. మూడవది, ఆపద నంబర్లు: తీరరక్షక దళం 1554, తమిళనాడు తీరభద్రతా దళం 1093. ఇవి పడవలోనివారికే కాదు, ఇంటివారికీ తెలిసి ఉండాలి. పడవ రాలేదని మొదట గమనించేది ఇంటివారే.

కొనేవారి వంతు

పీతను బోర్లా తిప్పి చూస్తే పొట్టపై మడత కనిపిస్తుంది. అది సన్నగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది. ఆ మడత కింద, బయటికి, స్పంజివలె గుడ్లు అంటి ఉంటే అది పిల్లలను విడిచే దశకు సమీపించిన తల్లి. ఆ గుడ్లు మొదట పసుపు, నారింజ రంగులో ఉండి, పిల్లలు వెలువడే సమయానికి నల్లబడతాయి. ఒక్క నీలి పీత లక్షల సంఖ్యలో గుడ్లు మోస్తుంది. అటువంటిదానిని కొనవద్దు. కొనేవారు లేరని తెలిస్తేనే దానిని సముద్రంలోనే విడిచిపెట్టడానికి పడవవారికి ధైర్యం వస్తుంది. పెంకు లోపల ఉండే ఎర్రని గుడ్డు వేరు. అది ఇంకా ఫలదీకరణ కాని అండాశయం.

అరచేతి వెడల్పు కూడా లేని పిల్ల పీతలను చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. పరిమాణానికి తగిన బరువు ఉన్నదో లేదో చేతితో తూచి చూడండి. కొత్తగా పెంకు విడిచిన పీత నొక్కితే మెత్తగా ఉంటుంది. వండితే నీరే మిగులుతుంది. పీత త్వరగా చెడుతుంది గనుక కొన్నవెంటనే ఐసులో ఉంచి ఇంటికి తీసుకుపోండి.

డెక్కలన్నీ ఉన్న బరువైన పీతకు గంప ముందున్న ఆమె నాలుగు రూపాయలు ఎక్కువ చెబితే, రాత్రంతా నీటిలో నిలిచిన వలను, తెల్లవారేవరకు దానిని విప్పిన చేతులను ఒకమారు లెక్కలోకి తీసుకోండి. ఆమె మాటలో మీ జిల్లా యాస వినిపిస్తే, ఇంట పడవ ఎక్కేవారికి కార్డు, బీమా ఉన్నవో లేవో అడగండి. లేవంటే ఈ పుట చదివి వినిపించండి.