కొత్త చైను, పాత పళ్ళు

మా సీనియర్ దగ్గర పాత రోడ్ బైక్ కొన్నాను. బైక్ అంటే పెట్రోల్ బండి కాదండోయ్, సన్న టైర్ల గేర్ సైకిలే. వారం తిరక్కుండానే "అప్‌గ్రేడ్" అంటూ కొత్త చైను వేశా. ఫ్లైఓవర్ ఎక్కుతూ లేచి నిలబడి తొక్కానో లేదో, చైను టక్కుమని జారింది, పెడల్ ఖాళీగా కిందికి పోయింది. వెనకాలే సిటీ బస్సు. డ్రైవరన్న టైమ్‌కి బ్రేక్ వేశాడు కాబట్టి ఇది రాస్తున్నా.

తప్పు కొత్త చైనుది కాదు. "చైను సాగింది" అంటాం గానీ నిజానికి ఉక్కు సాగదు. లింకుల్లో పిన్నులు, అవి తిరిగే చోటు అరిగి, పిన్నుల మధ్య దూరం పెరుగుతుంది. అలాంటి చైను వెనక క్యాసెట్ పళ్ళని కూడా తన కొలతకే అరగదీస్తుంది. కలిసి అరిగిన జంట కాబట్టి పాత చైనుతో ఏ గొడవా తెలీదు. కొత్తది ఆ పళ్ళ మీద సరిగ్గా కూర్చోదు, బలం పడగానే దూకేస్తుంది. పాత కోడ్‌లో ఒక్క లైబ్రరీ మాత్రమే అప్‌డేట్ చేసినట్టన్నమాట.

కొలవడం ఈజీ. పిన్నుకీ పిన్నుకీ మధ్య అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. టేపు కొన కాస్త ఊగుతుంది, అందుకని 1 అంగుళం గీతని ఒక పిన్ను మధ్యలో పెట్టండి. దాన్ని సున్నాగా లెక్కేస్తే 24వ పిన్ను సరిగ్గా 13 మీద ఉండాలి. అంగుళంలో పదహారో వంతు జరిగితే చైను మార్చాలి, పళ్ళు చాలావరకు బాగానే ఉంటాయి. ఎనిమిదో వంతు జరిగిందా, క్యాసెట్ కూడా పోయినట్టే.

డస్ట్‌బిన్‌లోంచి పాత చైను తీసి కొలిచా. ఎనిమిదో వంతు దాటేసింది. బేరమాడేటప్పుడు పెయింట్ మీద గీతలు లెక్కపెట్టా గానీ చైను వైపు చూడనే లేదు. క్యాసెట్ దెబ్బకి ఆ నెల బిర్యానీ బంద్.