బెయిలు సొమ్ము నుంచి స్మృతి కచేరీ దాకా

అమెరికాలో జనవరి మూడవ సోమవారం పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ పేరిట జాతీయ సెలవు దినం. 1983లో చట్టమై 1986లో తొలిసారి అమలైన ఈ సెలవును పురస్కరించుకొని చర్చిలలోను, పాఠశాలల సభాభవనాలలోను, గ్రంథాలయాలలోను స్థానిక వాద్యకారులు, విద్యార్థి బృందాలు కలిసి జాజ్ కచేరీలు జరపడం అనేక పట్టణాలలో ఆనవాయితీ అయింది. ప్రార్థనలు, ఉపన్యాసాలు, ఊరేగింపులు ఉండగా జాజ్ ఎందుకన్న ప్రశ్నకు జవాబు కింగ్ జీవించి ఉన్న కాలంలోనే, కొంతవరకు ఉద్యమపు జమాఖర్చులలోనే దొరుకుతుంది.

1963 వసంతంలో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో జాతి వేర్పాటుకు, అంటే బడి, భోజనశాల, మంచినీటి కుళాయి వంటి చోట్ల నల్లవారిని చట్టం అండతో వేరుగా ఉంచే పద్ధతికి, వ్యతిరేకంగా సాగిన అహింసా పోరాటంలో పిల్లలతో సహా వేలమంది అరెస్టయ్యారు. జైళ్లు నింపడమే వ్యూహమైన ఉద్యమానికి అది విజయమే అయినా, లోపలికి వెళ్లినవారిని బయటికి తేవడానికి బెయిలు సొమ్ము కావలసి వచ్చింది. ఆ నిధి కోసం అదే ఏడాది జూన్‌లో, 1947లో మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని వర్ణవివక్షను ఛేదించిన క్రీడాకారుడు జాకీ రాబిన్సన్, ఆయన భార్య రేచెల్ కనెక్టికట్‌లోని స్టామ్‌ఫర్డ్‌లో తమ ఇంటి ఆవరణలోనే జాజ్ కచేరీ ఏర్పాటు చేశారు; డిజ్జీ గిలెస్పీ, డేవ్ బ్రూబెక్ వంటి ఉద్దండులు అందులో వాయించారు.

మరుసటి ఏడాది బెర్లిన్‌లో ఆరంభమైన జాజ్ ఉత్సవపు కార్యక్రమ పుస్తకానికి కింగ్ ముందుమాట రాశారు. దీనిని ఆయన అక్కడ చేసిన ప్రసంగంగా పలువురు పేర్కొంటారు గాని అది రాసి ఇచ్చిన మాటే. తమ స్వాతంత్ర్య పోరాటపు బలంలో చాలా భాగం ఈ సంగీతం నుంచే వచ్చిందని ఆయన అందులో అంగీకరించారు.

20వ శతాబ్ది తొలినాళ్లలో న్యూ ఆర్లియన్స్‌లోని నల్లవారి సమాజాలలో, బ్లూస్ అనే వేదనా గీతాలు, రాగ్‌టైమ్ అనే విరుపు లయల పియానో బాణీ, వీధి బ్యాండ్ల వాద్యం కలిసి రూపుకట్టిన జాజ్‌కు ప్రాణం ఆశువుగా వాయించడం. కర్ణాటక సంగీతంలోని మనోధర్మంతో దీనిని పోల్చవచ్చు. అయితే ఇక్కడ కళాకారుడు రాగానికి బదులు, అనేక స్వరాలు ఒకేసారి పలికే స్వరమేళనాల వరుసకు కట్టుబడి కల్పన చేస్తాడు. ఒకరు వాయిస్తుంటే తక్కినవారు ఆసరా ఇస్తూ, తమ వంతు రాగానే ముందుకు వస్తారు. స్మృతి కచేరీలో ఏటా అదే పాట వాయించినా నిరుటి పాట తిరిగి రాకపోవడానికి కారణమిదే. పూలదండతో ముగిసే జయంతి సభలకు ఈ సౌలభ్యం లేదు.

ఇటువంటి కచేరీలకు ఆధారమైన రచనలకూ కొదవ లేదు. 1963 సెప్టెంబరు 15న బర్మింగ్‌హామ్ చర్చిలో పేలిన బాంబుకు నలుగురు బాలికలు బలికాగా, రెండు నెలలకు శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ రికార్డు చేసిన ‘అలబామా’లో ఒక్క మాటైనా లేదు, శాక్సఫోన్ నెమ్మదిగా, దాదాపు శోకోపన్యాసంలా సాగుతుంది. జాజ్ స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్ చివరి రచన ‘త్రీ బ్లాక్ కింగ్స్’లో మూడవ భాగం కింగ్‌కే అంకితం.

1968 ఏప్రిల్ 4 సాయంత్రం మెంఫిస్‌లోని లొరెయిన్ మోటెల్ బాల్కనీలో నిలిచిన కింగ్, కింద ఉన్న శాక్సఫోన్ వాద్యకారుడు బెన్ బ్రాంచ్‌తో, ఆ రాత్రి సభలో ‘టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్’ బాగా వాయించమని చెప్పిన కొద్ది క్షణాలకే తూటాకు కూలిపోయారు. ఒకప్పుడు బ్లూస్ పియానో వాయించి, తరువాత గాస్పెల్‌కు, అంటే నల్లవారి చర్చి భక్తిగీతాలకు, మళ్లిన థామస్ డార్సీ, భార్యనూ పసిబిడ్డనూ పోగొట్టుకున్న దుఃఖంలో 1932లో కట్టిన పాట అది. కింగ్ అంత్యక్రియలలో దానిని గాస్పెల్ గాయని మహేలియా జాక్సన్ పాడారు. బ్రాంచ్ బృందం అదే ఏడాది విడుదల చేసిన ఆల్బమ్‌కు ‘ద లాస్ట్ రిక్వెస్ట్’, అంటే చివరి కోరిక, అని పేరు పెట్టారు.