కొత్త గుండెకు ఇంటిల్లిపాదీ కాపలా

గుండె మార్పిడి విజయవంతమైందని వైద్యులు చెప్పగానే గండం గడిచిందని అంతా ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి అసలైన జాగ్రత్తలు అప్పుడే మొదలవుతాయి. తొలి 3 నెలలూ చాలా కీలకం. ఆ సమయంలో ఇంట్లోవాళ్లు ఏం చేయాలి? వేటికి దూరంగా ఉండాలి? ఎప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి?

1967 డిసెంబరు 3. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ ప్రపంచంలోనే తొలిసారిగా ఒక మనిషి గుండెను మరొకరికి అమర్చారు. కొత్త గుండె చక్కగా కొట్టుకుంది. దాన్ని అందుకున్న లూయీ వాష్‌కాన్‌స్కీ తేరుకుని మాట్లాడారు కూడా. కానీ 18 రోజులకే కన్నుమూశారు. ఆయన ప్రాణం తీసింది గుండె కాదు, న్యుమోనియా. శరీరం కొత్త గుండెను తిరస్కరించకూడదని ఇచ్చిన మందులు రోగనిరోధక శక్తిని బాగా తగ్గించేశాయి. దీంతో ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ అదుపు తప్పింది.

అప్పటికీ ఇప్పటికీ చాలా తేడా వచ్చింది. 1980ల్లో సైక్లోస్పోరిన్ మందు రాకతో గుండె మార్పిడి మళ్లీ ఊపందుకుంది. మనదేశంలో 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేసిన డాక్టర్ పి.వేణుగోపాల్ మన రాజమహేంద్రవరంలో పుట్టినవారే. ఇప్పుడు తెలుగు రాష్ట్రాల్లో ‘జీవన్‌దాన్’ ద్వారా అవయవాల కేటాయింపు జరుగుతోంది. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో దాత గుండెను మెట్రో రైలులోనే తరలించారు. ప్రపంచవ్యాప్తంగా చూస్తే గుండె మార్పిడి చేయించుకున్న ప్రతి 100 మందిలో సుమారు 85 మంది తొలి ఏడాదిని దాటుతున్నారు.

అయితే వాష్‌కాన్‌స్కీకి ఎదురైన చిక్కు మాత్రం పూర్తిగా తొలగిపోలేదు. మందుల మోతాదు తగ్గితే శరీరం గుండెను పరాయిదిగా భావించి దాడి చేస్తుంది. ఎక్కువైతే ఇన్‌ఫెక్షన్లు చుట్టుముడతాయి. ఈ రెండింటి మధ్య త్రాసు సరిగ్గా నిలబడేలా చూడటమే తొలి వారాల్లో అసలు పని. ఇందులో వైద్యుల పాత్ర ఎంతో, ఇంట్లోవాళ్ల పాత్రా అంతే.

ఆసుపత్రికి దగ్గర్లోనే బస

ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు ఐసీయూలో ఉంచుతారు. వెంటిలేటర్, ఛాతీలోని గొట్టాలు ఒక్కొక్కటిగా తీసేశాక మెల్లగా కూర్చోబెట్టటం, నడిపించటం మొదలుపెడతారు. ఇబ్బందులేవీ లేకపోతే 2-3 వారాల్లో డిశ్చార్జి చేస్తారు. ఆ తర్వాత తరచూ పరీక్షలుంటాయి కాబట్టి సుమారు 3 నెలలు ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండమంటారు. దూర ప్రాంతాలవాళ్లు ముందుగానే అద్దె ఇల్లు చూసుకోవటం మంచిది. గోడలకు చెమ్మ, బూజు లేని ఇల్లు తీసుకోవాలి. పక్కనే ఇల్లు కూలగొట్టటమో, కట్టటమో జరుగుతుంటే అక్కడ వద్దు. ఆ దుమ్ములోని ఫంగస్ ఊపిరితిత్తులకు ప్రమాదం. పావురాల రెట్టతోనూ ఇదే ముప్పు. కుండీల్లో మట్టి పనులు, పెంపుడు జంతువుల మలమూత్రాలు శుభ్రం చేయటం వంటివి ఇంట్లో మరొకరికి అప్పగించాలి.

గడియారం చూసి మాత్ర

గుండెను తిరస్కరించకుండా సాధారణంగా టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసలోన్ వంటి మందులు ఇస్తారు. ఇన్‌ఫెక్షన్లు రాకుండా మరికొన్ని. మొదట్లో రోజుకు గుప్పెడు మాత్రలు వేసుకోవాల్సి రావొచ్చు. టాక్రోలిమస్‌ను రోజుకు రెండుసార్లు రాస్తే సరిగ్గా 12 గంటల తేడా ఉండాలి. ఉదయం 8కి వేసుకుంటే రాత్రి 8కే మళ్లీ. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. వారానికి సరిపడా మాత్రలను అరల పెట్టెలో సర్దే బాధ్యత ఒక్కరే తీసుకోండి.

• రక్తంలో మందు మోతాదు చూసే పరీక్ష ఉన్నరోజు ఉదయం టాక్రోలిమస్ వేసుకోకుండా వెళ్లాలి. రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. లేకపోతే ఫలితం తప్పుగా వస్తుంది.

• ఒక పూట మరచిపోయినా, వేసుకోగానే వాంతి అయినా ఆసుపత్రికి ఫోన్ చేసి అడగాలి. సొంతంగా రెండు మోతాదులు కలిపి వేసుకోవద్దు.

• ఒళ్లునొప్పులకు మందుల దుకాణంలో అడిగి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కొనుక్కోవద్దు. టాక్రోలిమస్‌కు ఇవి తోడైతే కిడ్నీలు దెబ్బతింటాయి. కొన్ని రకాల యాంటీబయాటిక్, ఫంగస్ మందులూ దాని మోతాదును తారుమారు చేస్తాయి. వేరే డాక్టరు ఏ మందు రాసినా మార్పిడి వైద్యులకు చూపించాకే వాడాలి.

• తిప్పతీగ రసం, ‘ఇమ్యూనిటీ పెంచే’ కషాయాలు, చూర్ణాలు వద్దు. రోగనిరోధక శక్తిని తగ్గించటానికి ఒకపక్క మందులు వాడుతూ మరోపక్క దాన్ని పెంచాలని చూస్తే గుండెకే ముప్పు.

• గ్రేప్‌ఫ్రూట్, పంపర పనస తినొద్దు. ఇవి రక్తంలో టాక్రోలిమస్ మోతాదును పెంచేస్తాయి.

మందుల ఖర్చు జీవితాంతం ఉంటుంది. ఆరోగ్యశ్రీ, బీమా ఎంతవరకు వర్తిస్తాయో డిశ్చార్జికి ముందే కనుక్కోండి. డబ్బుకు ఇబ్బందిగా ఉంటే ఆ విషయం దాచకుండా చెప్పండి. పొదుపు చేద్దామని మాత్రలు తగ్గించటం చాలా ప్రమాదం.

బాగానే ఉంటే బయాప్సీ ఎందుకు?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. శరీరం గుండెను తిరస్కరించటం మొదలైనా తొలిదశలో లక్షణాలేవీ కనిపించకపోవచ్చు. మనిషి నవ్వుతూ తిరుగుతుంటాడు, లోపల గుండె కండరం మీద దాడి సాగుతుంటుంది. ఆయాసం మొదలయ్యేదాకా ఆగితే ఆలస్యమవుతుంది. అందుకే తొలి నెలలో దాదాపు వారానికోసారి, ఆ తర్వాత ఇంకాస్త ఎడంగా బయాప్సీ చేస్తారు. సాధారణంగా మెడ దగ్గర మత్తు సూది ఇచ్చి, సిర గుండా సన్నటి గొట్టాన్ని గుండెలోకి పంపి, చిన్న చిన్న ముక్కలు తీసి పరీక్షిస్తారు. తిరస్కరణ తొలిదశలోనే బయటపడితే చాలావరకు మందులతోనే అదుపులోకి వస్తుంది. పండగనో, పెళ్లనో ఈ పరీక్షను వాయిదా వేయొద్దు.

పరామర్శలకు సెలవు

మన ఇళ్లలో అన్నింటికన్నా కష్టమైన జాగ్రత్త ఇదే. ఇంత పెద్ద ఆపరేషన్ జరిగితే చూడటానికి రాకుండా ఎలా అని బంధువులు బయల్దేరతారు. రావొద్దంటే ఏమనుకుంటారోనని ఇంట్లోవాళ్ల మొహమాటం. కానీ ఒకరి జలుబు కూడా ఈ సమయంలో న్యుమోనియాగా మారొచ్చు. ‘డాక్టర్లు ఎవరినీ రానివ్వొద్దన్నారు పిన్నీ, వీడియో కాల్ చేస్తాం’ అని ముందే చెప్పేయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు ఈ బాధ్యత తీసుకుంటే పని తేలికవుతుంది.

ఇంట్లోవాళ్లూ బయటి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఎవరికైనా దగ్గు, జ్వరం ఉంటే వేరే గదిలో ఉండాలి. బాధితులు బయటకు, ముఖ్యంగా ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మాస్కు వేసుకోవాలి. ఇంట్లో పసిపిల్లలుంటే టీకాల గురించి ముందుగా వైద్యులను అడగాలి. నోటి ద్వారా వేసే పోలియో చుక్కల్లో సజీవ వైరస్ ఉంటుంది, అది కొన్నాళ్లు మలంలో వస్తుంది. కాబట్టి తాతయ్యో, నానమ్మో గుండె మార్పిడి చేయించుకుంటే ఆ పసిబిడ్డ డైపర్లు మార్చే పని వాళ్లకు పెట్టొద్దు.

వంటింట్లో..

అప్పుడే వండిన వేడి ఆహారమే తినాలి. కాచి చల్లార్చిన నీళ్లే తాగాలి. పచ్చి పాలు, సగం ఉడికిన గుడ్డు, బయటి చట్నీలు, పానీపూరీ, చెరకు రసం, కోసి ఉంచిన పండ్ల ముక్కలు వద్దు. పండ్లను బాగా కడిగి, తొక్క తీసి తినాలి. ఊరగాయలు, అప్పడాలు తగ్గించాలి. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు చేరుతుంది, రక్తపోటు పెరుగుతుంది. స్టెరాయిడ్లతో ఆకలి విపరీతంగా వేస్తుంది, మధుమేహం లేనివారికీ చక్కెర పెరగొచ్చు. అందుకే స్వీట్లు, అన్నం మితంగా తీసుకుంటూ పప్పు, ఉడికించిన గుడ్డు, చేప వంటివి తగినంత తినాలి.

నరాలు తెగిన గుండె

దాత నుంచి గుండెను తీసేటప్పుడు దాని నరాలు తెగిపోతాయి. కొత్త శరీరంలో అవి వెంటనే కలవవు. అందుకే విశ్రాంతిగా ఉన్నా గుండె నిమిషానికి 90-110 సార్లు కొట్టుకుంటుంది. దీనికి కంగారు పడొద్దు. నడక మొదలుపెట్టగానే ఈ గుండె వేగం అందుకోదు, ఆగగానే నెమ్మదించదు. కాబట్టి ముందు 5-10 నిమిషాలు మెల్లగా నడిచి, తర్వాత వేగం పెంచి, చివర్లో మళ్లీ మెల్లగా నడిచి ఆపాలి. గభాల్న లేచి నిలబడితే కళ్లు తిరగొచ్చు. గుండెకు రక్తం తగ్గినా ఛాతీనొప్పి తెలియకపోవచ్చు. అందుకే ‘నొప్పి లేదు కదా’ అని ధీమాగా ఉండటానికి వీల్లేదు.

ఛాతీ ఎముక అతుక్కోవటానికి కనీసం 6-8 వారాలు పడుతుంది. అప్పటివరకు నిండు బిందె, బియ్యం సంచి, మనవడు.. ఏదీ ఎత్తొద్దు. వాహనం నడపొద్దు. దగ్గేటప్పుడు చిన్న దిండును ఛాతీకి హత్తుకుంటే నొప్పి తగ్గుతుంది.

మనసుకూ సమయం కావాలి

‘ఎవరో చనిపోతే నేను బతికాను’ అనే బాధ చాలామందిని వెంటాడుతుంది. దీనికి తోడు స్టెరాయిడ్లతో నిద్ర పట్టకపోవటం, ఊరికే కోపం, ఏడుపు. ముఖం ఉబ్బటం, చేతులు వణకటం చూసి కొందరు కుంగిపోతారు. ఇవి మందుల ప్రభావమేనని, మోతాదు తగ్గేకొద్దీ చాలావరకు తగ్గుతాయని ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండాలి. ‘ప్రాణం దక్కింది కదా, ఇంకా ఏడుపేంటి’ అని మాత్రం అనొద్దు. దాత అలవాట్లు, స్వభావం వస్తాయన్నది అపోహ. గుండె రక్తాన్ని పంపు చేసే కండరం. దాత ఆ క్షణంలో చనిపోయింది మీకోసం కాదు. ఆ దుఃఖంలోనూ వాళ్ల కుటుంబం తీసుకున్న నిర్ణయమే మీ దాకా వచ్చింది. బాధ రెండు వారాలకు మించి వదలకపోతే వైద్యులకు చెప్పండి.

వెంటనే ఫోన్ చేయాల్సినవి

రోజూ ఒకే వేళకు జ్వరం, బరువు, బీపీ, నాడి చూసి పుస్తకంలో రాయండి. కింది వాటిలో ఏది కనిపించినా, అర్ధరాత్రి అయినా సరే మార్పిడి బృందానికి ఫోన్ చేయాలి.

• 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకన్నా ఎక్కువ జ్వరం. పారాసిటమాల్ వేసి వేచి చూడొద్దు.

• ఒక్కరోజులో కిలో, 2-3 రోజుల్లో 2 కిలోలు బరువు పెరగటం

• కాళ్ల వాపు, పడుకుంటే ఆయాసం, అకారణంగా నిస్సత్తువ

• గుండె దడ, బీపీ పడిపోవటం, కళ్లు తిరగటం

• కుట్ల దగ్గర ఎరుపు, చీము. ఛాతీ ఎముక కదులుతున్నట్టు, ‘క్లిక్’మన్నట్టు అనిపించటం

• ఆగని వాంతులు, విరేచనాలు. మాత్రలు ఒంటబట్టవు.

అంతా సవ్యంగా సాగితే 3 నెలల తర్వాత పరీక్షల మధ్య ఎడం పెరుగుతుంది, మందుల మోతాదు తగ్గుతుంది. సాధారణంగా 3-6 నెలల్లో చాలామంది తిరిగి ఉద్యోగం, చదువు మొదలుపెట్టగలుగుతారు. మాత్రల వేళలు మాత్రం ఎప్పటికీ తప్పకూడదు.