4.5 చిన్న పట్టణంలో ఛార్జింగ్ కేంద్రం: ఉండటం, అందుబాటులో ఉండటం

విద్యుత్ వాహనాల బ్యాటరీ గురించి ముందు భాగంలో చదివారు. ఇప్పుడు ఆ బ్యాటరీని ఇంటి బయట ఎక్కడ ఛార్జ్ చేసుకోవాలనే ప్రశ్నకు వద్దాం. ఫోన్‌లో మ్యాపు తెరిస్తే మీ పట్టణంలో ఒకటో రెండో ఛార్జింగ్ కేంద్రాలు కనిపించవచ్చు. అయితే మీరు వెళ్లిన వేళకు అక్కడి యంత్రం పనిచేస్తూ, ఖాళీగా, మీ వాహనానికి సరిపోయే గన్‌తో ఉంటేనే అది అందుబాటులో ఉన్నట్టు. ఈ తేడాను ఒక ఉదాహరణతో చూద్దాం.

హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారిపై సూర్యాపేట దాదాపు సగం దారిలో ఉంటుంది. అక్కడ ఒకచోట 60 కిలోవాట్ల డీసీ ఛార్జర్ ఒకటే ఉందనుకోండి. 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు 20 శాతం నుంచి 80 శాతానికి రావడానికి 18 యూనిట్లు కావాలి. లెక్క ప్రకారం 18 నిమిషాలు చాలు. కానీ ఏ కారైనా తాను తీసుకోగలిగినంతే తీసుకుంటుంది. 30 కిలోవాట్లకు మించి తీసుకోలేని కారుకు కనీసం 36 నిమిషాలు పడుతుంది. 3.3 కిలోవాట్ల ఏసీ ఛార్జర్ అయితే సుమారు ఐదున్నర గంటలు. అలాంటి కార్లు రెండు మీకంటే ముందుంటే గంటకు పైగా ఆగాల్సిందే. నగరంలో అయితే ఇంకో కేంద్రం వెతుక్కోవచ్చు. ఇక్కడ ఉన్న ఒక్క యంత్రమూ చెడిపోతే ఆ రోజుకు అందుబాటు సున్నా.

మరి రెండో యంత్రం ఎందుకు పెట్టరు? రోజుకు నాలుగు కార్లు వస్తే అమ్ముడయ్యేది 72 యూనిట్లు. ఆ యంత్రం 24 గంటల్లో 1,440 యూనిట్లు ఇవ్వగలదు. అంటే వినియోగం 5 శాతమే. స్థలం అద్దె, విద్యుత్ కనెక్షన్ ఖర్చు మాత్రం వినియోగాన్ని బట్టి తగ్గవు. రాబడి లేక మరమ్మతు ఆలస్యమవుతుంది, అది చూసి జనం బండి కొనడానికి వెనకాడతారు, బండ్లు పెరగక రాబడీ పెరగదు. చెట్టు ముందా, విత్తు ముందా అన్న పాత తగువే ఇది.

ఛార్జింగ్‌ను సేవగా పరిగణించాలని, దానికి విద్యుత్ లైసెన్సు అవసరం లేదని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. అదే ఏడాది డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు నగరాల్లో 3 కి.మీ. పొడవు, 3 కి.మీ. వెడల్పు గల ప్రతి గడికి ఒక కేంద్రం, రహదారులపై ఇరువైపులా ప్రతి 25 కి.మీ.కు ఒకటి ఉండాలన్నాయి. ఈ ప్రమాణం కేంద్రాల మధ్య దూరాన్ని చెబుతుంది. అక్కడి యంత్రం పనిచేస్తోందా లేదా అన్నది దీనివల్ల తెలియదు.

పైగా ఇంతవరకు మనం మాట్లాడింది దారిన పోయే కార్ల గురించి. పట్టణంలో తిరిగేవి ఎక్కువగా స్కూటర్లు, ఆటోలు. కార్ల కోసం చేసిన సీసీఎస్-2 గన్ వాటిలో చాలావాటికి పట్టదు. సొంత ఇల్లు ఉన్నవారు రాత్రి ఇంట్లో ప్లగ్గు పెట్టుకుంటారు. అద్దెకు పై అంతస్తులో ఉండి, కింద ప్లగ్గు లేని ఆటో డ్రైవరు ఏం చేయాలి? మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోతే అతనికి సాయంత్రం కిరాయిలు పోయినట్టే. అతనికి రహదారి మీది 60 కిలోవాట్ల యంత్రం కన్నా బస్టాండు పక్కన నాలుగు 15 ఆంపియర్ల ప్లగ్గులే ఎక్కువ ఉపయోగమని చెప్పాలి. వాటికయ్యే ఖర్చూ తక్కువే.

అభ్యాసం: మీకు దగ్గరలోని ఒక ఛార్జింగ్ కేంద్రానికి వారం పాటు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లండి. యంత్రం పనిచేస్తోందా, ఖాళీగా ఉందా, ఏయే వాహనాలకు సరిపోతుంది అనేవి రాసుకోండి. మొత్తం 14 సార్లలో ఒక స్కూటరుకు, ఒక ఆటోకు, ఒక కారుకు ఎన్నిసార్లు అది అందుబాటులో ఉందో విడివిడిగా లెక్కించండి.