పర్యావరణ రసాయన విద్య: అపోహలు – వాస్తవములు

ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడి, కళాశాలలలో ప్రవేశముల సందడి మొదలగు దినములలో, బి.ఎస్సీ. పట్టమునకై రసాయనశాస్త్రముతోపాటు పర్యావరణశాస్త్రమును గూడ ఎన్నుకొనదలచిన విద్యార్థికి ఇంటిలోను వీథిలోను సలహాలకు కొదువ యుండదు. అది సులువైన చదువని కొందరు ప్రోత్సహింతురు; ఆ సులువే దోషమని మరికొందరు వారింతురు; ఒకటి విషములను పుట్టించు విద్య, రెండవది వానిని నిందించు విద్య, ఈ రెంటికిని పొత్తెట్లు కుదురునని ఇంకొకరు నవ్వుదురు. ఈ మాటలన్నియు కేవలము అజ్ఞానము వలన పుట్టినవి కావు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క కారణము కలదు గనుక, కొట్టివేయుటకంటె విప్పి చూచుట మేలు.

పర్యావరణశాస్త్రము నాలుగు వ్యాసములు కంఠస్థము చేసి గట్టెక్కదగిన విషయమనునది మొదటి అపోహ. దీని మూలము మన పాఠశాలలలోనే యున్నది. మూడవ తరగతి పిల్లవాడు పరిసరాల విజ్ఞానము చదువును; పట్టవిద్యలో అడుగిడిన ప్రతివాడును, వాణిజ్యము చదివినను చరిత్ర చదివినను, ఒక పర్యావరణ పత్రమును ముగింపవలసియుండును. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యమున 1991లో సర్వోన్నత న్యాయస్థానము ఇచ్చిన తీర్పు ఫలముగా విశ్వవిద్యాలయ నిధుల సంఘము ఆ పత్రమును ఎల్లరకు నిర్బంధము చేసినది. పౌరునకు అవగాహన కలిగించుటకై ఏర్పడిన ఆ చిన్న పత్రమును చూచి, మూడేండ్లు పరిశ్రమింపవలసిన శాస్త్రమును గూడ అట్టిదే యనుకొనుచున్నారు.

చెరువునీటిలో కరగియున్న ఆక్సిజనును కొలుచుట యను ఒక్క ప్రయోగమును తీసికొందము. 1888లో వింక్లరు ప్రకటించిన పద్ధతియే నేటికిని మన ప్రయోగశాలలలో నడచుచున్నది. గాలిబుడగ యొక్కటియు చిక్కకుండ సీసాలో నీటిని నింపి, చెరువుగట్టుననే మాంగనీసు సల్ఫేటును, క్షారముతో గూడిన అయొడైడును చేర్చినచో, నీటిలో ఆక్సిజను ఉన్నంత మేరకు గోధుమవర్ణపు అవక్షేపము దిగును. పిమ్మట ఆమ్లము పోసి, వెలువడిన అయొడినును థయోసల్ఫేటుతో టైట్రేషను చేయగా, పిండిద్రావణపు నీలివర్ణము మాయమగు క్షణమున లెక్క తేలును. ఇది రసాయనశాలలో ప్రతి విద్యార్థియు నేర్చు టైట్రేషనే. కాని అక్కడ సీసాలో ఏమున్నదో అధ్యాపకునకు ముందే తెలియును, ఇక్కడ ఎవ్వరికిని తెలియదు. నీటిలో నైట్రైటు ఉన్నచో ఫలము తప్పును; దానిని అణచుటకు అజైడు చేర్చవలెను. నాచు పట్టిన చెరువున తెల్లవారుజామున తీసిన నమూనాకును మిట్టమధ్యాహ్నము తీసిన నమూనాకును పొంతన యుండదు; రెండు అంకెలును నిజములే. మురుగునీటి జీవరసాయన ఆక్సిజను అవసరమును (బి.ఓ.డి.ని) 20 డిగ్రీల సెల్సియసున అయిదు దినములుంచి కొలువుడని పాశ్చాత్య గ్రంథములు చెప్పుచుండగా, మన దేశపు ప్రమాణములు 27 డిగ్రీలు, మూడు దినములు అని ఏల నిర్ణయించెనో కంఠస్థము చేసినవాడు చెప్పలేడు. ఉష్ణోగ్రతతో చర్యావేగము పెరుగునని చదివి, మన యెండలనెరిగినవాడు చెప్పగలడు. గణితము తప్పునను ఆశతో ఈ దారి పట్టినవానికి మాత్రము ఆశాభంగము నిశ్చయము.

రసాయనశాస్త్రము కాలుష్యపక్షము, పర్యావరణశాస్త్రము దానికి ప్రతిపక్షము అనునది రెండవ అపోహ. దీనికి చరిత్రలో సాక్ష్యము లేకపోలేదు. పెట్రోలులో సీసపు సమ్మేళనమును కలుపవచ్చునని 1921లో కనిపెట్టినవాడును, శీతలయంత్రములకు క్లోరోఫ్లోరోకార్బనులను సమకూర్చినవారిలో ముఖ్యుడును ఒక్కడే, అమెరికా దేశస్థుడైన థామస్ మిజ్లీ. అయితే ఆ కథను సగమున ఆపరాదు. అంతకుముందు శీతలయంత్రములలో వాడుచుండిన అమోనియా, సల్ఫర్ డయాక్సైడు ప్రాణాపాయకరములు. దేనితోను కలియని, మండని, విషము కాని స్థిరపదార్థము దొరకినదని లోకము సంతసించెను. ఆ స్థిరత్వమే తుదకు దోషమై పరిణమించెను. క్రింది వాతావరణమున నశింపక స్ట్రాటోస్ఫియరు వరకు చేరిన ఆ అణువులు అతినీలలోహిత కిరణముల తాకిడికి విడివడి క్లోరిన్ పరమాణువులను విడుచుననియు, ఒక్కొక్క పరమాణువు తాను తరుగక ఓజోను అణువులను వరుసగా భంజించుచు పోవుననియు 1974లో లెక్కకట్టి హెచ్చరించిన రోలాండు, మొలీనాలు ఇరువురును రసాయనశాస్త్రజ్ఞులే. వారికిని క్రుట్జెనునకును 1995లో లభించిన నోబెల్ బహుమానము గూడ రసాయనశాస్త్రమునకే. 1958 నుండి హవాయిలోని మౌనా లోవా పర్వతమున గాలిలోని కార్బన్ డయాక్సైడును కొలిచి, దాని పెరుగుదలను లోకమునకు చూపిన కీలింగు సైతము రసాయనమున డాక్టరేటు పొందినవాడే. నేరమును మోపుటకు రసాయనము అక్కరలేదు, నిరూపించుటకు కావలెను.

ఇక అన్నిటికంటె బలమైనదియు, నా యెరుకలో విద్యావంతులయందే హెచ్చుగ కనిపించునదియు మూడవ అపోహ: ప్రకృతిసిద్ధమైనది నిరపాయము, రసాయనము అపాయము. కూరగాయలకును తలనూనెలకును 'రసాయనరహితము' అని చీటీ అంటించి విక్రయించు కాలమిది. నీరే ఒక రసాయనమని చెప్పినచో చమత్కారమనుకొందురు. నల్లగొండ జిల్లా నీటికథ యొక్కటి చాలును ఈ భ్రమను తొలగించుటకు. అక్కడి బావులలో ఫ్లోరైడును కలిపిన కర్మాగారమేదియు లేదు. పండ్లపై మచ్చలతో మొదలై, కీళ్లు బిగిసి, వెన్ను వంగి, పిల్లల కాళ్లు వంకరలు పోవు ఫ్లోరైడు వ్యాధిని మన దేశమున తొలుత వర్ణించినది 1937లో, ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెలను పరిశీలించిన వైద్యులు. అక్కడను అపరాధి భూగర్భమే. గ్రానైటు శిలలలోని ఫ్లోరైటు, అపటైటు, బయొటైటు వంటి ఖనిజముల నుండి అది తరతరములుగా నీటిలోనికి దిగుచున్నది.

రసాయన విద్యార్థి ఇచ్చట ఒక సందేహము వెలిబుచ్చవలెను. కాల్షియం ఫ్లోరైడు నీటిలో మిక్కిలి స్వల్పముగ కరగు పదార్థము గదా, మరి అపాయము కలిగించునంత ఫ్లోరైడు ఎట్లు పోగయ్యెను? ఉత్తరము రసాయన పాఠ్యపుస్తకములోనే ద్రావణీయతా లబ్ధము అను ప్రకరణమున గలదు, కాని ఆ నేలను చూచినగాని పుస్తకము నోరు విప్పదు. బైకార్బనేటులు మెండుగ గల క్షారజలమున కాల్షియము కార్బనేటుగా మారి, సున్నపు గడ్డలై నేలలో నిలిచిపోవును. నీటిలో కాల్షియము తగ్గినకొలది, లబ్ధము చెడకుండుటకై ఖనిజము నుండి మరింత ఫ్లోరైడు వెలికి వచ్చును. వాననీరు తక్కువై, వేసవి పొడవై, బోరుబావులు లోతైన చోట ఈ వ్యవహారము సాగుటకు కావలసినంత తీరిక దొరకును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరునకు 1.5 మిల్లీగ్రాములను మేరగా చెప్పినది. అయితే ఎండలో పనిచేయు కూలి త్రాగు నీరు ఎక్కువ గనుక, ఆ మేర లోపలి నీరు గూడ అతనికి అధికమే కావచ్చును. మరల అదే ఫ్లోరైడు స్వల్పమాత్రమున దంతములకు మేలు చేయును. నీటిని కాచి త్రాగినచో దోషము పోవునని నమ్మువారు నేటికిని కలరు. క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు ఆవిరి కాదు, నీరు ఇగిరిన కొలది చిక్కనగును.

నల్లగొండ జిల్లా పేరుననే 'నల్లగొండ పద్ధతి' వెలసినది. నాగపురములోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970ల దశకమున రూపొందించిన ఈ పద్ధతిలో పటికను, సున్నమును, బ్లీచింగు పొడిని నీటిలో కలిపి కలియద్రిప్పగా, అల్యూమినియం హైడ్రాక్సైడు తెట్టెలు ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు చేరును, పైనీటిని వడకట్టుకొనవచ్చును. వంటింటి పటికతో ఇంతటి చిక్కు విడుటను నేనొక సొగసైన రసాయనముగ తలచెదను. కాని పటిక ఎంత వేయవలెననునది ఆ నీటి క్షారతను బట్టి ఊరూర మారును; వేసవిలో ఒకటి, వానలలో ఒకటి. సల్ఫేటు పెరుగును, అల్యూమినియము కొంత మిగులవచ్చును. ప్రతిదినము అడుగున పేరుకొను బురదలో ఫ్లోరైడు అంతయు నున్నది, దానిని ఎచ్చట పోయవలెను? మొదటి సగమును రసాయనము పరిష్కరించినది, ఈ రెండవ సగమును అడుగుట పర్యావరణశాస్త్రము పని. అడిగినవాడే మరల రసాయనము తెలిసినవాడైనగాని జవాబు చెప్పలేడు. పెక్కు గ్రామములకు తుదకు కృష్ణాజలములను గొట్టముల ద్వారా చేర్చుటయే ఉపాయమైనది.

పర్యావరణ విద్య యనగా మొక్కలు నాటుట, ఊరేగింపులు తీయుట అను మాటకు దీర్ఘమైన సమాధానము అనవసరము. పటాన్‌చెరువు ప్రాంతపు ఔషధ కర్మాగారముల మురుగునీటిని శుద్ధిచేసి విడుచు కేంద్రమున, ఆ శుద్ధిచేసిన నీటిలోనే లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ గలదని, అనగా ఆ మందు సేవించు రోగి రక్తములో నుండు గాఢతకు మించి గలదని, 2007లో వెల్లడి చేసినది ఊరేగింపు కాదు, విశ్లేషణ.

కడపటిది ఉద్యోగమును గూర్చినది. ఇచ్చట రెండు అపోహలు ఎదురెదురుగ నిలిచియున్నవి. ఈ జంటచదువు రెంటికి చెడ్డ రేవడి యని ఒక పక్షము, కాలుష్య నియంత్రణ మండలిలో కొలువు సిద్ధముగ నున్నదని రెండవ పక్షము. మండలిలోని ఇంజనీరు పదవులు సాధారణముగ ఇంజనీరింగు పట్టము గలవారికే. విశ్లేషకుల పదవులకు ఎం.ఎస్సీ. అడుగుట పరిపాటి. కర్మాగారముల ప్రభావ నివేదికలు వ్రాయు సంస్థలలోను పెద్ద చదువులవారికే పెద్ద పీట. బి.ఎస్సీ.తో ఆగినవానికి నీటి పరీక్షాశాలలలో, ఔషధ పరిశ్రమల మురుగుశుద్ధి విభాగములలో, నాణ్యతాపరీక్షలో చోటు దొరకును. అచ్చట అడుగునది టైట్రేషను చేయు చేతిని, లెక్క తప్పని నోటుపుస్తకమును. ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు కాదలచినవాడు, అక్కడ భౌతిక రసాయన శాస్త్రము, జీవశాస్త్రము అను విభాగములేగాని పర్యావరణశాస్త్రమునకు వేరొక పదవి లేదని గుర్తెరిగి, పట్టవిద్యలో ఈ రెంటికి తోడగు మూడవ విషయమును జాగ్రత్తతో ఎంచుకొనవలెను.

విజ్ఞానశాస్త్ర పట్టభద్రుడెవ్వడైనను సాధారణముగ పర్యావరణశాస్త్రపు ఎం.ఎస్సీ.లో చేరవచ్చును, రసాయనపు ఎం.ఎస్సీ.కి మాత్రము పట్టవిద్యలో రసాయనము చదివియుండుట ఆవశ్యకము. కావున రెంటిలో దేనినైన వదలవలసివచ్చినచో రసాయనమును వదలరాదు. ప్రవేశపత్రము నింపుటకు ముందు ప్రయోగశాలను చూచి రావలెను: స్పెక్ట్రోఫొటోమీటరు బల్లమీద నున్నదా బీరువాలో నున్నదా, నమూనాలకై విద్యార్థులను చెరువునకు పంపుదురా లేక కుళాయి నీటితో సరిపెట్టుదురా అని అడుగుటలో అవినయమేమియు లేదు. జవాబునకు తడబడు చోట ఈ జంటను చదువుటకంటె, మంచి ప్రయోగశాల గల మరియొక కళాశాలలో రసాయనమును శ్రద్ధతో చదివి, పర్యావరణమును ఎం.ఎస్సీ.కి ఉంచుకొనుట మేలు.