చలినిద్ర కోరే మొక్కలు

మొక్కకు ఎరువు వేయాలి, చలి నుండి కాపాడాలి. తోటపనిలో మనం తరతరాలుగా నేర్చుకున్న పాఠమిది. అయితే శీతల దేశాలలో కీటకాహార మొక్కలను పెంచదలచినవారు ఈ రెండు అలవాట్లనూ మానుకోవలసి ఉంటుంది.

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ 1954లో తన అధికారిక పుష్పంగా స్వీకరించినది ఊదారంగు కూజా మొక్క పువ్వునే. నత్రజని కొరవడిన చిత్తడి నేలలు దాని నివాసం. కూజా వంటి ఆకులలో వాన నీరు నిలుస్తుంది. అందులో పడి మునిగిన కీటకాల నుండి మొక్క పోషకాలను గ్రహిస్తుంది. పేద నేలకు అలవాటుపడిన దాని వేళ్ళకు ఎరువూ, లవణాలు నిండిన కుళాయి నీరూ విషంతో సమానం. కనుక నాచు కుళ్ళి ఏర్పడే పీట్ మట్టిలో ఇసుక కలిపి నాటి, వాన నీటినో కరిగిన మంచు నీటినో పోయాలి. ఎండ బాగా తగలాలి.

అసలు పరీక్ష శీతాకాలంలో ఎదురవుతుంది. పెరుగుదల ఆగిన మొక్కను చూసి జాలిపడి వెచ్చని గదిలోకి తెచ్చుకుంటాం. పొరపాటు అక్కడే జరుగుతుంది. మూడు నాలుగు నెలల చలినిద్ర లేనిదే అది ఏటికేడు క్షీణిస్తుంది. నేలలో నాటిన కూజా మొక్క మంచు కింద క్షేమంగానే ఉంటుంది. అమెరికాలోని కరోలినా ప్రాంతాలకు చెందిన వీనస్ ఫ్లైట్రాప్ అంతటి చలికి తాళలేదు; దానిని 0 నుండి 10 డిగ్రీల మధ్య ఉండే చల్లని గదిలో ఉంచాలి.

పిల్లలకూ ఒక మాట చెప్పాలి. వినోదం కోసం దాని ఆకులను వేలితో తాకి మూయించరాదు. ఆహారం దొరకకుండా మూసుకున్న ప్రతిసారీ దాని శక్తి వృథా అవుతుంది.

మనకు తోచినది కాక, మొక్కకు అవసరమైనది ఇచ్చినప్పుడే వసంతంలో కొత్త చిగురు చూడగలం.